పదిహేను గుండెలు, మూడో పీరియడ్

డబ్బోలో జూన్ చలి.
కారు అద్దం మీద మంచు గీకి
డెస్ మాంసం కొట్టుకి వెళ్లాను.
"పదిహేనేగా, హైమా?" అంటూ సంచి అందించాడు.
అది ఇంకా పూర్తిగా చల్లారని బరువు.
పక్క సీట్లో పెట్టి బెల్టు బిగించాను.
నవ్వొచ్చింది, అయినా విప్పలేదు.

పాఠం చెప్పేది పెట్రాకిస్ మాస్టారు.
నేను ల్యాబ్ మనిషిని.
ట్రేలు, కత్తెరలు, చేతొడుగులు నా పని,
కళ్లు తిరిగే పిల్లాడి కోసం ఒక కుర్చీ కూడా.
ప్రతి ఏడూ ఒకడు పడతాడు,
ఎప్పుడూ అందరికన్నా పొడుగున్నవాడే.

ఈసారి లాక్లన్.
వాళ్ల నాన్నకి నాలుగు వేల గొర్రెలు.
తల మోకాళ్ల మధ్య దూర్చుకుని అన్నాడు:
"చెవి బిళ్ల ఉంటే ఏ మందదో చెప్పేవాణ్ణి.
దీనికి చెవి లేదుగా."
ఉంది, అన్నాను.
పైన ముడతలు పడ్డ ఆ చిన్న మడత చూడు,
కుక్కపిల్ల చెవిలా లేదూ?
నేను చదివిన పుస్తకంలో ఆ గది పేరు కర్ణిక.
ఆ మాటలో చెవి ఉందని
నాకూ ఈ ఊరొచ్చాకే తట్టింది.

కోస్తున్నారు.
కుడి జఠరిక గోడ దోసె మందం,
ఎడమది దిబ్బరొట్టె.
కుడిదానికేం, పక్కింటి పని,
ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు.
ఎడమది కాలి బొటనవేలి దాకా పంపాలి,
మళ్లీ తల మీదికీ ఎక్కించాలి.
కవాటాలకి కట్టిన తెల్లటి దారాలు
ఎంత లాగినా తెగవు.
గాలికి గొడుగు తిరగబడకుండా
పట్టుకునే పుల్లల్లాంటివి అవి.

గుండె రాయి చేసుకోమంటారు మా వాళ్లు.
చెరువైందంటారు, జారిందంటారు, ఝల్లుమందంటారు.
పదకొండేళ్లుగా ఈ ట్రేలు కడుగుతున్న చేతులతో చెబుతున్నా:
రాయి లేదు, చెరువు లేదు.
కండ ఉంది.
ఒక్క వైపే తెరుచుకునే తలుపులున్నాయి.
మూలన గడ్డకట్టిన చారెడు నెత్తురుంది.

చివరి బల్ల దగ్గర కీలీ
ఇంకా కత్తెర ముట్టలేదు.
నేను దగ్గరికెళ్లగానే స్వెటర్ మెడ కాస్త కిందికి లాగింది.
గొంతు గుంట కింద మొదలై
లోపలికి దిగిపోయిన తెల్లటి గీత.
"నా దాంట్లో బొక్క ఉండేది. రెండేళ్లప్పుడు అతుకేశారు.
అదెక్కడుంటుందో దీంట్లో చూపిస్తారా?"

పెట్రాకిస్ ఆ చివర ఉన్నాడు.
పాఠం చెప్పడం నా పని కాదు.
కుడి కర్ణిక తెరిచి, రెండు గదుల మధ్య గోడ వెనక
టార్చి పెట్టాను.

గోడంతా చీకటి,
ఒక్కచోట మాత్రం, కందిబద్ద కన్నా కాస్త పెద్దగా,
నారింజ రంగు వెలుతురు.

"ఇక్కడ అందరికీ కిటికీ ఉండేది.
కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకి పనేముంది?
నెత్తురు అడ్డదారిన ఇటు దూకేది.
మొదటి ఊపిరికి రెక్క పడుతుంది,
తర్వాత మెల్లగా అతుక్కుంటుంది.
నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు,
చాలామందికి ఆ సంగతే తెలియదు.
నీది ఇంకాస్త పెద్ద దారి."

"గొర్రెకి కూడానా?"

"గొర్రెకి కూడా."

చిటికెన వేలు ఆ పలచటి చోట ఆనించింది.
నొక్కలేదు.
లాక్లన్ కుర్చీ వదిలి వచ్చాడు,
టార్చి వెలుగులోకి వంగి
"దీనికి బాగానే మూసుకుంది" అన్నాడు,
సంతలో పళ్లు చూసి వయసు చెప్పే రైతులా.

గంట కొట్టారు.
పసుపు సంచిలో లెక్కపెట్టాను,
పద్నాలుగు.
పదిహేనోదాన్ని కీలీ
కుళాయి కింద పట్టుకుని కడుగుతోంది,
వేడినీళ్ల వైపు తిప్పి.